మూడు బంతులు

నంద్యాల,
3 ఫిబ్రవరి 2025, సోమవారం.

కమలాక్షమ్మ వదినగారికి,

ప్రవీణ్ సాయంత్రం బస్సెక్కేలోపు ఈ ఉత్తరం ముగించాలి. నిన్న ఫోన్‌లో నేను "మా అమృత నిశ్చితార్థం ఇరవైమూడో తేదీ" అంటే మీరు "ఎవరికి మూడో కాన్పు?" అన్నారు. ఇకమీదట మనకు ఉత్తరాలే మేలని అప్పుడే అనుకున్నాను. మీ అబ్బాయి ఉద్యోగానికి రోజూ ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు వస్తూనే ఉన్నాడు. అతని క్యారియర్ సంచిలో ఒక కాగితానికి చోటు దొరక్కపోదు.

మళ్ళీ రాస్తున్నాను: ఈ నెల ఇరవైమూడు, ఆదివారం. మా వీధి చివరి కల్యాణమండపం. పెళ్ళికొడుకు వాళ్ళు నందికొట్కూరు నుంచి వస్తారు. అన్నీ కుదిరాయి, భోజనం ఏ పద్ధతిలో పెట్టాలన్నదే మిగిలింది. వంట ఒప్పుకున్న జాషువా మూడు పద్ధతులు చెప్పాడు. చాపల మీద కూర్చోబెట్టి ఆకుల్లో వడ్డించడం, బల్లలూ కుర్చీలూ వేసి ఆకుల్లో వడ్డించడం, లేదా బఫే. నేను కాగితం మీద గీతలు గీసి మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. చాపలైతే మూడు బంతులు పడతాయి, మూడో బంతి వాళ్ళకు చారు చల్లారిపోతుంది. బల్లలకు హాలు ఇరుకు. బఫే అయితే ఎవరికి ఆకలైనప్పుడు వాళ్ళు తింటారు. నా మనసు బఫే వైపే ఉంది.

కానీ నాకు కావలసింది అసలు వేరే. నా పెళ్ళిలో, పాములపాడులో, మీవారు రామయ్యన్న బంతి మధ్యలో లేచి వెళ్ళిపోయిన నాటి నుంచి మా ఇంటి ఏ శుభకార్యంలోనూ ఆయన అన్నం ముట్టలేదు. వస్తాడు, దీవిస్తాడు, ఒక అరటిపండు తీసుకుని వెళ్ళిపోతాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే. మామూలు రోజుల్లో మా డైనింగ్ టేబుల్ దగ్గర మారు వడ్డించుకుని తినే మనిషే, పదిమందిలో అయితే ముట్టడు. ఈసారి పెళ్ళికొడుకు నాయన, "తాంబూలం మీ పెద్దల్లుడి చేతనే ఇప్పించండి, ఆయనా నేనూ పక్కపక్కన కూర్చుని తినాల" అని కబురు పంపాడు. అన్న తినకపోతే ఆయన కారణం అడుగుతాడు. నేనేం చెప్పాలి? అన్న తింటే చాలు, ఏ పద్ధతైనా నాకు సమ్మతమే. ఆయన మనసు కనుక్కుని రాయండి. జాషువా కార్డు కూడా పెడుతున్నాను, వంటకాల జాబితా వెనక వైపు ఉంది.

మినప్పప్పు నానింది, రుబ్బాలి.

మీ మరదలు
లీలావతి

*

ఆళ్ళగడ్డ,
5 ఫిబ్రవరి.

లీలావతికి,

నీ ఉత్తరం చేరింది. నీ గీతలూ చూశాను. నాయనా, చదువుకున్నదానివి, చారు చల్లారడం గురించి ఇంత ఆలోచించావు, మనిషి మర్యాద చల్లారడం గురించి ఆలోచించలేదే!

బఫే వద్దు. పోయిన నెల ఇక్కడ ఒక గృహప్రవేశంలో చూశాను. అందరూ పళ్ళేలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. నా ముందు నిలబడిన రంగమ్మ, అదే, మా పక్కింటి పెద్దామె, గరిటె ఎత్తేలోపు వెనకాయన "బేగా కానీమ్మా" అన్నాడు. ఆమెకు రోషం వచ్చి గరిటె ఆయన చేతికిచ్చి ఇంటికొచ్చి మజ్జిగన్నం తినింది. ఇది భోజనమా, రేషన్ అంగడా?

మా కాలం మాదిరి చాపలు పరిచి, ఆకులేసి, బంతులు సాగాలి. బంతిలో పోయిన మర్యాద బంతిలోనే తిరిగి రావాలి. మీ అన్నను మొదటి బంతిలో మొదటి ఆకు ముందు కూర్చోబెట్టి, అందరికన్నా ముందు నెయ్యి ఆయనకే వేస్తే ఆ పాత మాట అక్కడికక్కడే చెరిగిపోతుంది. నువ్వు దుడ్లు ఆదా చేయడానికి బఫే అంటున్నావని నాకు అనుమానం. అదే అయితే చెప్పు, చాపలు మేమే పంపుతాం.

మీ అన్ననూ అడిగాను. "బంతా, బఫేనా?" అంటే ఏమన్నాడనుకున్నావు? "రెండూ వద్దు. పోతాము, దీవిస్తాము, వస్తాము" అన్నాడు. నేను ఆ రోజుకని పట్టుపంచె తీసి ఇస్త్రీకి ఇస్తుంటే, "మళ్ళా అదేనా, నీకు ఇంకేం దొరకలేదా?" అని విసుక్కున్నాడు. పెద్దల్లుడు ప్యాంటు వేసుకుని తాంబూలం ఇస్తాడా, నువ్వే చెప్పు.

శెనిక్కాయలు ఎండినాయి. ప్రవీణ్ సంచిలో కొన్ని వేశాను. వేయించేటప్పుడు ఉప్పునీళ్ళు చల్లు.

నీ మేలు కోరే
కమలాక్షమ్మ

*

నంద్యాల,
7 ఫిబ్రవరి.

వదినగారికి,

దుడ్ల మాట నన్ను నొప్పించింది. బఫేకే ఖర్చెక్కువ. లెక్క రాసి ఉంది, పంపమంటే పంపుతాను. కానీ మీరు లెక్క చూడరు, నన్ను చూసి నవ్వుతారు.

బఫే ఎందుకన్నానో పోయిన ఉత్తరంలో పూర్తిగా రాయలేదు, అది నా పొరపాటే. కారణం మా మద్దిలేటి చిన్నాయన. నా పెళ్ళి బంతిలో నెయ్యి వడ్డించింది ఆయనే. అన్న లేచిపోగానే, రామయ్య ఆకులో నెయ్యి వేయకుండా దాటిపోయారని, బంతిపక్షం చేశారని ఊరంతా అన్నారు. ఒకరికి వడ్డించి పక్కవాడిని వదిలేయడం కన్నా పెద్ద అవమానం పాములపాడులో లేదు. చిన్నాయన మాత్రం ఇప్పటికీ ఒకే మాట: "ఏసినా బిడ్డా. నిండుగా ఏసినా. ఆయప్ప ఆకులో నెయ్యి పడింది, నా కండ్లతో చూసినా." ఎవరూ నమ్మలేదు. అంతకుముందు చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట్లో పెళ్ళైనా నెయ్యి గిన్నె ఆయన చేతిలోనే ఉండేది. ఆ తరువాత ఇంతవరకు ఆ గిన్నె ముట్టలేదు.

మొన్న నిశ్చితార్థానికి పిలిస్తే ఏమడిగాడో తెలుసా? "బంతులా బిడ్డా? బంతులైతే నేను రాను. నన్ను చూస్తే ఆయప్పకు మళ్ళా గుర్తుకొస్తాది."

అందుకే వదినా. బఫేలో ఎవరి నెయ్యి వాళ్ళే వేసుకుంటారు. వేయలేదనేవాడూ ఉండడు, వేశానని ఒట్టేసేవాడూ ఉండడు. అన్నా తింటాడు, చిన్నాయనా వస్తాడు. ఇద్దరూ ఒకే హాల్లో ఉండి తిన్నారంటే నాకు అంతకన్నా ఏం కావాలి?

మీ తమ్ముడికి ఈ చర్చ ఏదీ పట్టలేదు. "ఓళిగలు ఉన్నాయా?" అని తీపి సంగతి ఒక్కటే అడిగాడు. ఉన్నాయి.

మీ జవాబు కోసం వీధి గుమ్మం వైపు చూస్తూ
లీలావతి

*

ఆళ్ళగడ్డ,
10 ఫిబ్రవరి.

లీలావతికి,

కోప్పడకు. పని జరిగిపోయింది.

మద్దిలేటన్న సంగతి చదివి నాకూ మనసు కలుక్కుమంది. కానీ దాక్కుంటే మాట చెరిగిపోదు. కాబట్టి నేనే జాషువాకు ఫోన్ చేశాను. కార్డు మీద రెండు నంబర్లుంటే మొదటిది మోగి మోగి ఆగిపోయింది. రెండోదానికి చేస్తే ఒక అమ్మాయి పలికింది. జాషువా కాదు, ఆయన మనిషే అయివుంటుంది. ఎంత మంచి పిల్లనుకున్నావు! నాకు సరిగ్గా వినిపించదంటే, ఒక్కొక్క మాటా గట్టిగా చెప్పింది.

"మాకు బఫే గిఫే వద్దు తల్లీ, బంతులే కావాల" అన్నాను.

"తప్పకుండా పెద్దమ్మా. ఎన్ని?" అంది.

"మూడు" అన్నాను.

"మూడు బస్తాలా?" అన్నట్టు వినిపించింది. ఉప్మా రవ్వ సంగతేమోనని "అదంతా నువ్వే చూసుకో" అన్నాను.

"పసుపా, ఎరుపా?" అని అడిగింది. చూడు, పసుపూ కుంకుమా కూడా వాళ్ళే చూసుకుంటారట! "పసుపు లేకుండా శుభకార్యమా తల్లీ, పసుపే ఎక్కువ పెట్టు" అన్నాను.

చివరకు "విడిగానా, దండిగానా?" అంది. ఆ మాట విని నా కడుపు నిండిపోయింది. "దండిగానే పెట్టమ్మా, పిసినారితనం మా ఇంటావంటా లేదు" అన్నాను.

అలా మూడు బంతులు ఖాయం చేశాను. నీకు గీతలు గీసే శ్రమ తప్పింది.

మీ అన్నకు చెబితే ముఖం అదోలా పెట్టి, "కింద కూర్చోబెడతారా?" అన్నాడు. "అవును, చాపల మీద" అంటే, లేచి గొడ్ల కొట్టం వైపు పోయాడు. గేదె పాలివ్వడం మానేసిందని రెండు రోజులుగా దానితో మాట్లాడినంత కూడా నాతో మాట్లాడడంలేదు.

నీ పని తేలిక చేసిన
వదిన

*

నంద్యాల,
12 ఫిబ్రవరి.

వదినగారికి,

ఇది రాసేముందు మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ నవ్వొచ్చి పెన్ను పక్కన పెట్టేశాను.

కార్డు మీది రెండో నంబరు వంటది కాదు. అది జాషువా భార్య దీవెనది. ఆమె మండపాలకు పూల అలంకరణ చేస్తుంది. మీరు భోజనాలకు బంతులు చెప్పారు. ఆమె బంతిపూలు రాసుకుంది. మూడు బస్తాలు. పసుపువి ఎక్కువ. "విడిగానా, దండలుగానా?" అని ఆమె అడిగితే మీరు దండిగా అన్నారట. దండలు కట్టడానికి ఇద్దరు మనుషులను కూడా పెట్టేసుకుంది.

నిన్న మా గుమ్మంలో నిలబడి, "మీ వదినగారిది ఎంత పెద్ద మనసక్కా! పిసినారితనం ఇంటావంటా లేదన్నారు" అని మెచ్చుకుంటుంటే నేను నీళ్ళు తాగుతూ పొలమారాను. మీ తమ్ముడైతే సోఫా మీంచి లేవలేదు. "మొదటి బంతికి ఎవర్ని కూర్చోబెడతాం, తుమ్మెదల్నా?" అంటున్నాడు. పొద్దుటి నుంచి అదే మాట.

పూలు ఉండనీయండి. ఆ అమ్మాయి రైతుకు మాట ఇచ్చేసింది, మండపానికీ కళ వస్తుంది. అవి మీ కానుకే అనుకుంటాను.

వడ్డనకు మాత్రం ఈ రోజు జాషువాకు బఫే అని చెప్పేశాను. క్షమించాలి. అన్న నిలబడి, తనకు కావలసింది తానే వడ్డించుకుని, హాయిగా తింటాడు. ఎవరూ ఆయన ఆకు వైపు చూడరు. ఈ ఉత్తరం ఆయనకు కూడా చదివి వినిపించండి.

అమృత మిమ్మల్ని ముద్దు పెట్టుకోమంది. ఉత్తరంలో ఎలాగో నాకు తెలియదు, రాశాను.

లీలావతి

*

ఆళ్ళగడ్డ,
14 ఫిబ్రవరి.

లీలావతీ,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. మా తమ్ముడికి చూపించకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. చదివాక పొయ్యిలో వెయ్యి.

బంతిపూల సంగతి చదివి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత నేనూ నవ్వాను. మీ అన్నకూ చదివి వినిపించాను. తుమ్మెదల దగ్గర ఆయన కూడా నవ్వాడు. బఫే దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఒక చేత్తో పళ్ళెం పట్టుకోవాల. ఒక చేత్తో తినాల. మరి పంచె ఎవురు పట్టుకోవాల?" అన్నాడు.

"పంచె పట్టుకునేదేంది?" అన్నాను.

నోరు జారిందని ఆయనకు తెలిసిపోయింది. లేవబోయాడు. నేను వాకిలికి అడ్డం కూర్చున్నాను. నేను అడ్డం కూర్చుంటే వాకిలి ఉందో లేదో కూడా తెలియదు, నీకు తెలుసు కదా. ఇక చెప్పక తప్పలేదు.

నీ పెళ్ళిలో మీవాళ్ళు ఆయనకు కొత్త పట్టుపంచె పెట్టారు. జారుడు పట్టు. ఆయనకు నేత పంచె తప్ప అలవాటు లేదు. ముడి వేసుకున్నాడు, బంతిలో కూర్చున్నాడు. పప్పు వడ్డించారు, నెయ్యి వేశారు. అవును, వేశారు! కలుపుకోవడానికి ముందుకు వంగాడు. నడుం దగ్గర ముడి ఊడిపోయింది. అటూ ఇటూ మనుషులు. పెద్దల్లుడు లేస్తేనే బంతి లేవాలి, అంటే చివర్లో అందరూ ఆయన్నే చూస్తారు. అందరూ తలలు వంచుకుని అన్నం కలుపుకుంటున్నారు కదా, ఇదే అదును అనుకుని పంచెను పిడికిట్లో బిగించి గబగబా బయటికి నడిచాడు.

ఆ పిడికిలి చూసే అందరూ కోపమనుకున్నారు. ఆ ఎర్రబడిన ముఖం చూసే అవమానమనుకున్నారు. గుమ్మంలో మద్దిలేటన్న నెయ్యి గిన్నెతో ఎదురొచ్చి "యాడికి పోతాండావన్నా, ఏమైంది?" అని దోవకు అడ్డం నిలబడ్డాడట. ఈయన "నీ నెయ్యి నువ్వే పెట్టుకోప్పా, దోవ ఇడువు!" అన్నాడు. అంతే. దాంట్లోంచి ఇంత కథ పుట్టింది.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?" అంటే, "యా మొగంతో చెప్పేది? అయిదుమంది పెద్దోళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకుని తప్పైందన్యారు. వాళ్ళు పట్టుకున్యాది ఒక చెయ్యి. రెండో చేత్తో నేను పంచె పట్టుకోనుండా" అన్నాడు.

అప్పటి నుంచి పట్టుపంచె కట్టిన రోజు ఎవరింట్లోనూ కూర్చుని తినలేదు. వేరేవాళ్ళ ఇళ్ళలో మోకాళ్ళ నొప్పులనేవాడు. మీ ఇంట్లో కోపమని మనమే అనుకున్నాం, అనుకోనిచ్చాడు. ఇన్నేళ్ళూ పట్టుపంచె ఇస్త్రీ చేయించి మరీ కట్టించింది నేను! నవ్వాలో ఏడవాలో తెలియక ఆ రాత్రి రెండూ చేశాను.

కానీ మద్దిలేటన్న మాట చెప్పేసరికి ఆయన ముఖం మారిపోయింది. ఆయన గిన్నె ముట్టడంలేదన్నది ఈయనకు ఇన్నాళ్ళూ తెలియదు. "నిజంగానా? ముట్టడంలేదా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత గొడ్ల దగ్గరికి పోయి చాలాసేపు రాలేదు.

ఇప్పుడు నువ్వే ఒక దారి చూడు. గీతలు గీసైనా సరే.

కమలాక్షమ్మ

*

నంద్యాల,
17 ఫిబ్రవరి.

వదినగారికి,

మీ ఉత్తరం పొయ్యిలో వేశాను. వేసేముందు మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. పాలు పొంగిపోయాయి.

గీతలు గీశాను. చాపలు కావు, బఫే కాదు. బల్లలూ, కుర్చీలూ, అరిటాకులు, బంతి వడ్డన. హాలు ఇరుకన్నాను కదా, తాంబూలాల వేదికను వరండా వైపు జరిపితే చోటు దొరికింది. జాషువా తల పట్టుకున్నాడు, బఫే అని చెప్పి ఇంకా అయిదు రోజులే అయింది. బల్లలకు ముందువైపు నేల దాకా గుడ్డ కట్టమన్నాను. "ఎందుకక్కా?" అంటే "అందానికి" అన్నాను. ఆ గుడ్డ మీద మీ బంతి దండలు కడుతుందట దీవెన.

అన్న మా డైనింగ్ టేబుల్ దగ్గర ఎందుకు మారు వడ్డించుకునేవాడో ఇప్పుడు అర్థమైంది. నా వంట బాగుంటుందని ఇన్నాళ్ళూ మురిసిపోయాను.

ప్రవీణ్‌తో ఒక పొట్లం పంపుతున్నాను. అందులో అతికించుకునే పట్టుపంచె ఉంది. ఇప్పుడు బట్టల అంగళ్ళలో అందరూ ఇవే కొంటున్నారు. నడుం దగ్గర గరుకు పట్టీ ఉంటుంది, నొక్కితే అంటుకుంటుంది, మనం లాగితే తప్ప ఊడదు. లాగినప్పుడు చర్రుమని శబ్దం వస్తుంది, భయపడవద్దనండి.

చాపలు వద్దన్నానని బాధపడకండి. మీ మోకాళ్ళ సంగతి మీరు చెప్పలేదు, ప్రవీణ్ చెప్పాడు. కింద కూర్చుంటే లేవలేరట కదా! లేవలేని మనిషి చాపల కోసం ఇంత పోట్లాడారా?

చిన్నాయనకు "వడ్డనంతా జాషువా మనుషులదే, నువ్వొచ్చి ఊరికే కూర్చో" అని చెప్పి ఒప్పించాను. నిజం చెప్పలేదు. అది చెప్పవలసింది నేను కాదు.

ఓర్పు మిగిలినంతవరకు
లీలావతి

*

ఆళ్ళగడ్డ,
25 ఫిబ్రవరి.

లీలావతికి,

నిన్నంతా నిద్రపోయాను. ఈ రోజు రాస్తున్నాను. మొదటి బంతి నడుస్తున్నప్పుడు నువ్వు నందికొట్కూరు ఆడవాళ్ళకు చీరలు పెడుతూ పై గదిలో ఉండిపోయావు. ఎవరెవరో ఏదేదో చెప్పివుంటారు. నేను ఎదురు బల్ల దగ్గరే కూర్చున్నాను, జరిగింది జరిగినట్టు విను.

పొద్దున ఇంట్లో ఆ కొత్త పంచె కట్టుకుని మీ అన్న వరండాలో నాలుగుసార్లు ఎగిరి చూశాడు. ఊడలేదు. అయినా నమ్మకం లేక పైన బెల్టు కూడా బిగించాడు.

తాంబూలం ఇచ్చాక వియ్యంకుడి పక్కనే కూర్చున్నాడు. ఆకులేశారు. పప్పు వచ్చింది. జాషువా మనిషి నెయ్యి తెచ్చాడు. మీ అన్న ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దు" అన్నాడు. మా తమ్ముడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పాములపాడు వాళ్ళందరూ కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆగిపోయారు. వియ్యంకుడు అటూ ఇటూ చూస్తున్నాడు.

అప్పుడు ఈయన హాలంతా వినబడేలా పిలిచాడు: "మద్దిలేటన్నా! యాడుండావ్? ఈడికి రా. నెయ్యి నువ్వు ఎయ్యాల."

మీ చిన్నాయన దూరంగా గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. లేవలేదు. "నేనా?" అన్నాడు.

"నువ్వేప్పా. ఆ పొద్దు నువ్వు ఏసిన నెయ్యి నా ఆకులో పడింది. నిండుగా పడింది. తినేకి నాకే రాత లేకపోయ. ఇందరిలో చెప్తాండా, వినండి."

చిన్నాయన వచ్చాడు. గిన్నె తీసుకున్నాడు. వేశాడు. వేస్తూనే ఉన్నాడు. పప్పు మునిగింది, అన్నం మునిగింది. "చాలన్నా" అన్నాడు ఈయన. "చాలనద్దు! ఇరవై ఆరేండ్ల నెయ్యి ఇది, తిను" అన్నాడాయన. కళ్ళు తుడుచుకునేందుకు చెయ్యి ఖాళీ లేక భుజానికే తుడుచుకున్నాడు.

వియ్యంకుడు ఊరుకుంటాడా? "ఆ పొద్దు ఎందుకు లేచిపోతివన్నా మరి?" అని అడిగాడు. మీ అన్న ముద్ద కలుపుకుంటూ, "పని పడిందప్పా. అర్జెంటు పని" అన్నాడు. నాకు తాగుతున్న నీళ్ళు ముక్కులోకి పోయాయి.

తినడం అయిపోయింది. పెద్దల్లుడు లేస్తేనే బంతి లేవాలి కదా, అందరూ చేతులు ఎండబెట్టుకుని చూస్తున్నారు. ఈయన లేవడు! ఎడమ చెయ్యి గుడ్డ చాటున బల్ల కింద ఉంది. పట్టీ అంటుకుని ఉందో లేదో తడుముకుంటున్నాడు. రెండో బంతి వాళ్ళు వచ్చి కుర్చీల వెనక నిలబడ్డారు. వియ్యంకుడు ఖాళీగా ఉండలేక ఇంకో ఓళిగ వేయించుకున్నాడు. నేను కళ్ళతో సైగ చేసి చేసి, చివరకు "లెయ్యి, ఏమీ కాదు" అని అరిచాను. నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా అరిచానో తెలియదు. హాలంతా ఇటు తిరిగింది.

లేచాడు. ఏమీ కాలేదు.

పోయేటప్పుడు వియ్యంకుడు నాతో ఏమన్నాడో తెలుసా? "మీ ఇంట్లో మర్యాద చానా గట్టిదమ్మా. తిన్యాక కూడా లేవనియ్యరు."

నీ బల్లలు బాగున్నాయి. నా మోకాళ్ళు కూడా అదే మాట చెప్పమన్నాయి.

కడుపు నిండిన
కమలాక్షమ్మ

*

నంద్యాల,
27 ఫిబ్రవరి.

వదినగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇది పొయ్యిలో వేయను.

నిన్న చిన్నాయన పాములపాడు నుంచి ఫోన్ చేశాడు. "బిడ్డా, పెండ్లికి కూడా నెయ్యి నేనే. ముందే చెప్తాండా, గిన్నె ఇంకెవురికీ ఇయ్యద్దు" అన్నాడు. ఆ ఊళ్ళో వచ్చే నెలలోనే రెండు పెళ్ళిళ్ళకు ఆయన్ను పిలిచారట. కొత్త పంచె కూడా కొనుక్కున్నాడట. నేత పంచె.

అన్న లేచిపోవడానికి కారణం ఏమిటని నన్ను మాత్రం అడగలేదు. ఒక్క మాటే అన్నాడు: "ఆ పొద్దు ఆయప్ప పిడికిలి నడుం కాడ ఎందుకుండిందా అని నాకు అప్పుడే అనుమానం బిడ్డా. కానీ అంత మర్యాదస్తుణ్ణి ఎట్ల అడిగేది?"

ఆయనకు అంతా తెలుసు వదినా. అన్నకు చెప్పకండి.

పెళ్ళికి మే నెలలో ముహూర్తం చూస్తున్నారు. అప్పటికి కూడా బల్లలే, ఆకులే, బంతులే. మీరు అడగకముందే రాస్తున్నాను, మూడు బంతులు. జాషువా కార్డు మళ్ళీ పంపుతున్నాను. రెండో నంబరును పెన్నుతో కొట్టేశాను.

లీలావతి